రూపాయికి పట్టిన మైల

గద్వాల సంస్థానంలో, కృష్ణ ఒడ్డున ఉన్న ఒక ఊరి పటేలు కురుమూర్తిరెడ్డిగారు ధనాన్ని త్యజించినట్లు ఇందుమూలముగా తెలియజేయడమైనది. పురాణ కాలక్షేపం ముగిసిన సాయంత్రం ఆయన చావడిలో లేచి నిలబడి, "ధనం మైల. ఇకమీదట నా చేయి దానికి తగలదు!" అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. మరి భూముల మాటేమిటని ఎవరూ అడగలేదు. అంత మర్యాద తెలియని ఊరు కాదది.

మర్నాటి నుంచి కౌలుదారులు నిజాం సర్కారు హాలీ రూపాయలను పటేలుగారి వాకిట్లో, బర్రెలు తాగే కుడితి గోళెంలో వేసి పోసాగారు. మైలను ముట్టడానికి మైలవారే తగుదురన్న న్యాయం చొప్పున, వాటిని పైకి తీసి పసుపునీళ్లతో కడిగే కొలువు మాలపల్లె ఈదమ్మకు దక్కింది. కడిగిన రూపాయలు శుద్ధమై నేరుగా దేవుని గదిలోకి వెళ్లేవి. కడిగిన ఈదమ్మ గడప ఇవతలే ఉండేది. ఆమె జీతం మాట వస్తే పటేలుగారి మనసు కరిగిపోయేది: అంత మైలను ఒక పేదరాలి కొంగున కట్టడమా? అందుకని అంబలి పోయించేవారు.

ఇంతలో ఆమె భర్త బాలన్నకు జ్వరం ముదిరింది. గద్వాల దవాఖానకు బండి కట్టాలి.

"ఒక్క రూపాయి ఇప్పియ్యి దొరా, కాల్మొక్త. మనిషి దక్కేటట్టు లేడు."

"పిచ్చిదానా, తెలిసి తెలిసి నీకు మైల అంటిస్తనా?"

"నేను మైలదాన్నేనాయె. ఇంకింత అంటితే ఏమైతది?"

పటేలుగారు నిష్పక్షపాతంగా విచారించారు. గోళెంలోని రూపాయి ఇంకా శుద్ధి కాలేదు కనుక తనది కాదు. పరుల సొమ్ము దానం చేయరాదు. గదిలోనిది శుద్ధమైనది, ఈదమ్మ చేతిలో పెడితే మళ్లీ మైలపడుతుంది. దాన్ని శుద్ధి చేసిన చేతులు ఎవరివన్న ప్రశ్న విచారణ పరిధిలోకి రాలేదు. ఇవ్వదగిన రూపాయి లోకంలోనే లేదని తేలింది.

పల్లెవాళ్లు నలుగురు బాలన్నను మంచం మీద మోసుకొని బయలుదేరారు. ఈదమ్మ వెంట నడిచింది. ఆమె లేకపోయేసరికి గోళెంలో చేయి పెట్టేవారు కరువయ్యారు. అందరివీ చప్పట్లు కొట్టిన చేతులే. కుడితితోపాటు ఒక రూపాయిని బర్రె మింగేసింది.

పటేలుగారు కళ్లారా చూశారు. త్యాగి కనుక కంగారు పడలేదు. పట్టు విడవకుండా బర్రె వెనకే కూర్చుని, అది పేడ వేసినప్పుడల్లా రెండు చేతులతో పిసికి చూశారు.

"పేడల చేతులు వెట్టిన్రేంది పటేలా?" అని దారిన పోతూ బండి తోలే జహంగీరు పలకరించాడు.

"గోసేవ."

"అది బర్రె గద!"

మూడోనాడు రూపాయి దొరికింది. పేడతో శుద్ధి అయినది కనుక వేరే కడుగుడు అక్కరలేదనీ, ఈ ఒక్క సందర్భానికి బర్రెను ఆవుగా భావించవలసినదనీ చావడిలో పెద్దలు తీర్మానించారు. రూపాయి దేవుని గదికి చేరింది.

ఈదమ్మ ఆ పొద్దే తిరిగివచ్చింది, ఒంటరిగా. బాలన్న దారిలోనే పోయాడు. చావు మైలలో ఉన్నది గనుక ఆమె ఇక వాకిట్లోకి కూడా రాకూడదని అదే సభలో మరొక తీర్మానం జరిగింది.

చప్పట్లు మోగాయి. చదువరులు ఆనాడు చావడిలో లేరు గాని, ఉంటే మాత్రం చేతులు ముడుచుకొని కూర్చునేవారా?