చేదు తగ్గిన కాలువ

మింగిన మందు ఎక్కడికి పోతుందర్రా? కడుపులోకా? ఆ తర్వాత? నవ్వకండి. కొంత ఒంటేలుతో బయటికి వచ్చేస్తుంది. అది గుర్తుంటేనే ఈ కథ అర్థమవుతుంది.

ఒక పెద్ద అడవిలో జంతువులన్నిటికీ మరుగుదొడ్డి ఒకటే కాలువ. జ్వరమొస్తే నేలవేము నమిలేవి. అది మహా చేదు. కాలువ చివర ఉండే కప్ప రోజూ నాలుక్కి నీటిచుక్క రాసుకుని, చేదును బట్టి జ్వరాలు ఎంతున్నాయో చెప్పేది. అదే దాని ఉద్యోగం.

ఒకనాడు కప్ప సభకొచ్చి, "చేదు మూడింతలైంది మహారాజా," అంది.

సింహం ఆరోగ్యమంత్రి నక్క వైపు చూసింది. "పౌర్ణమికి పక్కడవి పులిరాజు వస్తున్నాడు. ఈలోగా చేదు తగ్గాలి."

"జ్వరం తగ్గాలనా, ప్రభూ?" అంది కప్ప.

"రాజుగారు చేదన్నారు. నేను చేదనే రాసుకున్నాను," అంది నక్క.

మర్నాడే నేలవేము మొక్కలన్నీ పీకించి తగలబెట్టించింది.

కుందేలు నక్క దగ్గరికి పరుగున వచ్చింది. "నా పిల్ల ఒళ్లు కాలిపోతోంది బాబూ, రెండాకులు ఇప్పించండి."

"కాలువలో చేదు లేదమ్మా. అంటే అడవిలో జ్వరం లేదు. మరి నీ పిల్లకెలా వస్తుంది?"

కుందేలు వెనక్కి వెళ్లి ఇంటి చుట్టూ వెతికింది. బొరియ వెనక, పీకేవాళ్ల కంటపడకుండా మిగిలిన ఒకే ఒక్క మొక్క ఆకులు తుంచి పిల్లకు పెట్టింది. దాని ఒంటేలు ఇసుకలో పూడ్చింది. మూడో నాటికి జ్వరం దిగింది.

పౌర్ణమి ముందురోజు సింహం వణకడం మొదలుపెట్టింది. "నక్కా, నాకు జ్వరంరా."

"నివేదికలో లేదు మహారాజా," అంది నక్క.

కుందేలు పిల్లకు జ్వరం దిగిందని విని, రాణి చాటుగా దాని దగ్గరికెళ్లింది. మిగిలిన ఆకులన్నీ కుందేలు ఇచ్చేసింది.

మర్నాడు పులిరాజు ముందే కప్ప నాలుక చప్పరించింది. "చేదు."

"ఎవరది నమిలింది? అడవి దాటించండి," అంది నక్క.

"నేనే," అంది సింహం.

నక్క గొంతు సవరించుకుంది. "అయితే కప్ప నాలుకలో దోషముంది."

సాయంత్రానికి కప్పను కొండ అవతలికి బదిలీ చేశారు.

వారం తిరిగేసరికి నక్క దుప్పటి కప్పుకుని కుందేలు బొరియ ముందు నిలబడింది. "రెండాకులుంటే..."

"ఉన్నవన్నీ రాజుగారికి పోయాయి బాబూ. ఒకసారి కాలువ చూసి రండి. జ్వరం లేదేమో."

నీతి: రోగమొస్తే ముందు వైద్యం చేయాల్సింది చేదని చెప్పిన నాలుకకు.

ఇక లేవండి. కాకరకాయలకు ఉప్పు రాసి వచ్చాను, చేదు పిండాలి. లేకపోతే మీరు ముట్టరుగా.