ఎండిన సగానికి టోకెన్

ఆ ఉదయం మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు. అయినా వాన కురిసినట్టు వాతావరణ కార్యాలయం తొమ్మిదింటికే నమోదు చేసుకుంది. మందుల విషయంలోనూ మానవజాతి ఈ స్థాయికే చేరుకుంది. పంపడం వేరు, అందడం వేరు, అందినట్టు నమోదు కావడం వేరు. చికిత్స అంటే మూడోది.

కాలువ తూము దగ్గర ముప్పై ఏళ్ళు నీళ్ళు వదిలిన పెద్దాయనకు దవడ కింద గడ్డ లేచింది. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పైదాకా పోనిచ్చి, నేరుగా గడ్డకే కీమో మందు వదిలారు. అది ఎందాకా పారిందో చూడటానికి అదే దారిన రంగు పంపి స్కాన్ తీశారు.

పెద్దాయన తెర వంక చూశాడు. గడ్డ పై సగం తెల్లగా వెలుగుతోంది. కింది సగం నల్లగా ఉంది.

"చివరి మడి తడవలేదమ్మా," అన్నాడు బొంగురుగా.

"అవును పెద్దయ్యా, దానికి రక్తం ఇంకో నాళంలోంచి వస్తోంది. రేపు గొట్టం అటు తిప్పాలని డాక్టరుగారు రాశారు. మందు చేరిందో లేదో రాసుకునే చేరిక విభాగంలో ముద్ర వేయించుకోండి," అంది స్కానింగ్ అమ్మాయి.

చేరిక అధికారి ఫారంలో రెండే గళ్ళు: 'అందింది', 'అందలేదు'. (మూడో గడి కోసం వేసిన కమిటీకి ఇంకా కుర్చీలు రాలేదు. వచ్చినట్టు నమోదైంది.)

"అందిందంటే రేపు కూడా పాత దారే. అందలేదంటే ఇవాళ్టి మందు ఎటుపోయిందో విచారణ. మూడు నెలలు," అన్నాడు అధికారి.

"అన్నాళ్ళు గడ్డ ఆగుతుందా బాబూ?" అంది పెద్దాయన భార్య.

"అది మా పరిధిలోకి రాదమ్మా."

"సగం అందిందని రాయరాదూ?"

"సగం పేషెంటంటూ ఎక్కడా ఉండడమ్మా."

"మీ ఫారంలో లేడేమో. నా పక్కనే కూర్చున్నాడు."

అధికారి నిబంధనల పుస్తకం రెండుసార్లు తిరగేసి, ఎండిన సగాన్ని కొత్త పేషెంటుగా చేర్చుకున్నాడు. పేరు: గడ్డ కింది సగం. తోడు వచ్చినవారు: పై సగం. టోకెన్ యాభై రెండు. రేపు పొద్దున్నే, రెండో దారిన మందు.

"పోనీలే, తూము మారింది," అన్నాడు పెద్దాయన.

మధ్యాహ్నం వంటశాలవాళ్ళు చీటీ చూసి, పేషెంటులో చేరింది సగమేనని సగం గిన్నె మెత్తటి అన్నమే పెట్టారు. భార్య తన డబ్బా విప్పి అందులో కలిపింది. ఇద్దరూ తిన్నారు. ఆయన ఒక్కో ముద్దా మెల్లగా మింగాడు. ఆఖరి ముద్ద గొంతు దిగుతుండగా ఫోనులో సందేశం వచ్చింది: సందర్శన వేళ ముగిసినది. పై సగం వెంటనే ఆవరణ ఖాళీ చేయవలెను.