ఫైలు ప్రదానోత్సవం

కక్షిదారుల హక్కులను తాను ఎంతగా గౌరవిస్తారో లోకానికి తెలియవలసిన సమయం వచ్చిందని కామారెడ్డి న్యాయవాది సునీల్‌కుమార్ గారు ప్రకటించారు. తాడ్వాయి సాలవ్వ ఆయనను తన కేసు నుంచి తప్పించి, ఫైలు తిరిగి ఇమ్మని అడిగిన రోజు అది.

తప్పించిన కారణం చాలా చిన్నది. ఎల్లారెడ్డి కోర్టులో నాలుగు వాయిదాలకు ఆయన రాలేదు. ఆ నాలుగు రోజులూ ఆయనకు ఎక్కడో ఒకచోట శాలువా కప్పుతున్నారు. ఇది అర్థం చేసుకోలేని సాలవ్వ ఎల్లారెడ్డిలోనే ఉండే కృపారాణి అనే లాయరమ్మను పెట్టుకుంది. లాయరమ్మ అడిగింది ఒక్కటే, సాలవ్వ పెనిమిటి ఎకరం పొలం కొన్ననాడు రాయించుకున్న కాగితం. అది ఫైలులో ఉంది. కోర్టులో చూపకపోతే ఆ ఎకరం పక్క పొలం ఆసామికి పోతుంది.

"నా కాయిదాలు నాకిస్తే సాలు సారూ. మిమ్ముల నేనేమంటలేను," అంది సాలవ్వ.

సునీల్‌కుమార్ గారి కళ్లు చెమర్చాయి. "ఫైలు కక్షిదారుని సొత్తు. దాన్ని ఆపే అధికారం ఏ న్యాయవాదికీ లేదు. అంతటి పవిత్రమైన హక్కును ఊరికే తీసి చేతిలో పెట్టడమంటే ఆ హక్కును అవమానించడమే," అన్నారు. ఫైలు అప్పుడు బల్లమీదే ఉంది. సాలవ్వ చేయి చాచింది. ఆయన ఆ చేతిని రెండు చేతులతో అందుకుని ఆప్యాయంగా ఊపారు.

వారంలో కక్షిదారుల హక్కుల వేదిక వెలిసింది. అధ్యక్షుడిగా ఆయన తనను తాను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేచింది. అందులో ఆయన నిలువెత్తున ఉన్నారు, సాలవ్వ ఒక మూలన బొట్టుబిళ్లంత ఉంది. ముఖ్య అతిథికి వీలుకాక సభ రెండుసార్లు వాయిదా పడింది. వాయిదాలు అలవాటే కనుక సాలవ్వ రెండుసార్లూ బస్సెక్కి వచ్చి తిరిగి వెళ్లింది.

మూడోసారి సభ జరిగింది. ఆరుగురు మాట్లాడాక వేదిక మీదికి నాలుగడుగుల ఫైలు వచ్చింది. థర్మోకోల్‌తో చేయించి, ఎర్ర నాడా కట్టి, సాలవ్వ పేరు బంగారు రంగులో రాయించారు. అసలు ఫైలు బక్కది, వెనక వరుసకు కనిపించదు. నమూనా చెక్కులు చూసిన కళ్లే కదా మనవి, ఎవరికీ వింత అనిపించలేదు. ఫోటో దిగాక సాలవ్వ మెల్లగా అడిగింది.

"అసలుది ఏది సారూ?"

"భద్రంగా ఉందవ్వా. మాచారెడ్డిలో, రాజంపేటలో కూడా సభలున్నాయి. ఫైలు కక్షిదారుదేనని చెప్పేటప్పుడు చూపించడానికి ఒక ఫైలు ఉండాలి కదా."

ఎల్లారెడ్డి బస్సులో కండక్టరు ఆమె చేతిలోని థర్మోకోల్ ఫైలును ఎగాదిగా చూశాడు. "గిదేందవ్వా?"

"నా పొలం బిడ్డా," అంది సాలవ్వ. అతను మర్యాదస్తుడు. ఫైలును సీట్లో కూర్చోబెట్టి ఆమెను నిలబెట్టాడు.

కృపారాణి నాడా విప్పి, నాలుగు వైపులా తిప్పి చూసింది. "అవ్వా, గిది తెరుసుకుంటలేదు."

"తెరిసేది కాదట బిడ్డా. పట్టుకునేదట."

కృపారాణి నోటీసు పంపింది. వాయిదాలకు అందని సునీల్‌కుమార్ గారు జవాబు మాత్రం రెండో రోజుకే పంపారు. "మీ కక్షిదారు సదరు ఫైలును ప్రజల సమక్షంలో, ముఖ్య అతిథి చేతుల మీదుగా, చిరునవ్వుతో స్వీకరించియున్నారు. ఫోటో జతపరచడమైనది." చిరునవ్వు నిజమే. ఫోటో తీసేవాడు నవ్వమంటే నవ్వింది, పాపం, కాదనడం ఆమెకు ఎప్పుడూ చేతకాలేదు.

ఊళ్లోనూ ఎవరూ నమ్మలేదు. "ఫోన్ల నేనే సూసిన గదనే, గంత పెద్ద ఫైలిచ్చిండ్రు. ఇంకేం గావాలె నీకు?" అంది పక్కింటి భూమక్క.

వాయిదా రోజున ఎదుటి పక్షం వారు ఆ ఫోటోనే కోర్టులో పెట్టారు. ఫైలు ముట్టినా కాగితం చూపలేదంటే అసలు కాగితమే లేదని వారి వాదన. కృపారాణి గట్టిగా పోట్లాడి ఆఖరి వాయిదా ఒకటి సంపాదించింది. నలభై ఏళ్లు నాట్లేసిన పొలం తనదేనని ఎవరికి చెప్పుకోవాలో తెలియక సాలవ్వ కోర్టు వరండాలో కూర్చుని ఏడ్చింది.

సాక్ష్యానికి మాత్రం లోటు లేదు. సభకు వచ్చింది అరవై మందే అయినా, ఫోనులో ఆ ఫోటో కింద పైకెత్తిన బొటనవేళ్లు నాలుగు వేల మూడు వందలు. వాటినీ అచ్చు తీయించి ఫోటోతోపాటు జతచేశారు. సాలవ్వకు ఫైలు ముట్టిందనడానికి వాళ్లంతా సాక్షులే. ఒకసారి మీ ఫోను తీసి చూసుకోండి, అందులో మీ వేలు కూడా ఉండవచ్చు.