మసిరాణి చేతికి హాజరు పట్టిక

రాయికల్ మండలంలోని ఆ ఉన్నత పాఠశాలలో మంగళవారం పొద్దున అనుకున్న పని ఒక్కటే. ఏడో తరగతి పిల్లలను తొమ్మిదింటికి బస్సెక్కించాలి, పదకొండింటికి జగిత్యాలలో నాటకం చూపించాలి, నాలుగింటికల్లా మళ్లీ బడి గేటు ముందు దించాలి. తెలుగు టీచర్ వనిత ఇంత మాత్రమే ఒక కాగితం మీద రాసి, దాని కింద హెడ్మాస్టర్ శ్రీనివాస్ రావు సంతకం కోసం రెండు నెలలు తిరిగింది.

నాటకం పేరు 'గడియారం వెనుక దేశం'. అదే పేరున్న పిల్లల నవలను హైదరాబాద్ బృందం ఒకటి నాటకంగా మలిచి ఊరూరా ఆడుతోంది. జగిత్యాల తర్వాత కోరుట్ల, ఆ తర్వాత సిరిసిల్ల. ఆ నవలను వనిత ప్రతి శనివారం ఆఖరి పీరియడ్‌లో పిల్లలకు చదివి వినిపించింది. వాళ్లింట్లో డిగ్రీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే. తండ్రి సాయిలు తాళ్లెక్కి కల్లు గీసేవాడు. తను చదువుకున్న పదేళ్లలో బడిలో ఎవరూ ఒక్క కథల పుస్తకం తెరవలేదు, అందుకే ఆ గంటను ఆమె పట్టుబట్టి తెచ్చుకుంది. ఇప్పుడది బడి గోడ దాటి పోయింది. సౌమ్య అనే పిల్ల శనివారం ఇంటికి పోగానే, అరుగు మీద బీడీలు చుట్టే తల్లి సారక్కకూ ఆమె పక్కవాళ్లకూ ఆ వారం కథ చెప్పేది. వనిత ఆ దారిన పోతే వాళ్లు చేతిలో ఆకు ఆపకుండానే అడిగేవాళ్లు, "టీచరమ్మా, గా కిన్నెర పిల్ల మసిరాణికి దొరికిందా, తప్పిచ్చుకున్నదా?"

శ్రీనివాస్ రావు లెక్కల మనిషి. శనివారం ఆఖరి గంట కథలకు పోవడం ఆయనకు మొదటినుంచీ మింగుడు పడలేదు.

"సంతకం పెడుతున్న మేడం. గని ఒక్క మాట. ఈ ట్రిప్పుల ఒక్క రిమార్క్ అచ్చినా మీ శనివారం పీరియడ్ లెక్కలకు పోతది. మల్ల నన్ను అడగద్దు."

"రిమార్క్ రానియ్య సార్," అంది వనిత.

ఎనిమిదీ నలభైకి శ్రీనివాస్ రావు ఫోన్‌లో హెడ్మాస్టర్ల గ్రూపు నుంచి మెసేజ్ దిగింది. ఆ రోజు మండలంలో తనిఖీ బృందాలు తిరుగుతున్నాయి, ఏ బడికి వస్తాయో తెలియదు. ఆయన కుర్చీలోంచి లేచాడు. పోయిన నెల తనిఖీకి వచ్చిన మేడం ఏడో తరగతిలో నిలబడి, మన జిల్లా పేరేంటని అడిగితే ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు. అందుకు ఆయన రాసిచ్చిన సంజాయిషీ నాలుగు పేజీలు.

బస్సు అప్పటికే గేటు ముందు ఉంది. పిల్లలు నూనె పెట్టి దువ్విన తలలతో కిటికీల దగ్గర సీట్లు పట్టేశారు. ఇక ఆపేది లేదు. ఆయన అటెండర్ యాదగిరిని పిలిచాడు.

"ఏడో తరగతి అటెండెన్స్ రిజిస్టర్ సంచిల పెట్టు. నేను గూడ పోతున్న."

"బడికి టీము అస్తె ఏం చెప్పాలె సార్?"

"సారు పిల్లలెంబడి పోయిండని చెప్పు. పిల్లలు యాడుంటె రికార్డు గాడ ఉండాలె."

"మరి కడమ తరగతులది?"

"బీరువల ఉన్నది."

"తాళం సార్?"

"తాళం నా జేబుల ఉన్నది. నీకిస్తె పోగొడుతవు."

ఇప్పుడు యాప్‌లో పిల్లల మొహాలు చూపించి హాజరు వేస్తున్నా, శ్రీనివాస్ రావు నమ్మేది తన చేతిరాతనే. జూన్ నుంచి ప్రతి గడీ ఆయనే నింపాడు. ఆ రిజిస్టర్ ఒళ్లో పెట్టుకొని బస్సులో ముందు సీట్లో కూర్చొని, వెనక్కి తిరిగాడు.

"ఎవరన్న పెద్ద మేడం అచ్చి అడిగితె ఏం జెయ్యాలె?"

"నిలబడాలె సార్."

"నిలబడి?"

"పేరు చెప్పాలె. తరగతి చెప్పాలె. అడిగింది చెప్పాలె."

"ఎట్ల చెప్పాలె?"

"గట్టిగ చెప్పాలె సార్."

"సార్, జెర నాటకం ముచ్చట గూడ చెప్పనియ్యండి," అంది వనిత.

"నాటకం యాడికి పోదు మేడం."

రాయికల్ నుంచి జగిత్యాల దాకా ఈ పాఠం ఆగలేదు. జగిత్యాల పొలిమేరలో ట్రాఫిక్ కానిస్టేబుల్ బస్సు ఆపి ఏదో అడిగితే, డ్రైవర్ సీట్లోంచి లేచి నిలబడి ముందు తన పేరు చెప్పాడు.

నాటకం ఒక ఫంక్షన్ హాల్‌లో. ఇంకో రెండు బడుల పిల్లలు కూడా వచ్చారు. వేదిక మీద మనిషి కంటే ఎత్తయిన గడియారం, దాని వెనుక నీలం వెలుగు. లైట్లు ఆరిపోయేసరికి రాయికల్ పిల్లలు ఊపిరి బిగబట్టారు. కిన్నెర వేషం వేసిన అమ్మాయి గడియారం తలుపు తెరిచి లోపలికి అడుగు పెట్టింది. వనిత నాటకాన్ని వదిలేసి పిల్లల మొహాలు చూస్తూ కూర్చుంది. రెండు నెలల తిరుగుడు ఆ క్షణంలో తీరిపోయింది.

శ్రీనివాస్ రావు మాత్రం హాలు బయట ఫోన్‌లో ఉన్నాడు. అవతల ఇంకో హెడ్మాస్టర్. "ఒక టీము జగిత్యాల దిక్కు తిరిగిందంటున్నరు సార్," అన్నాడతను.

కథలో మసిరాణి పిల్లల పేర్లు దొంగిలించే మంత్రగత్తె. పేరు ఆమె పుస్తకంలోకి ఎక్కితే ఆ పిల్లను కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. నవలలో ఆమెకు కొడవళ్లలాంటి గోళ్లు, నేలమీద ఈడ్చే జడ ఉన్నాయి. నాటకంలో అవేవీ లేవు. దర్శకుడు కొత్తగా ఉండాలని ఆమెకు బూడిద రంగు గంజి చీర కట్టించి, గొలుసు కట్టిన కళ్లద్దాలు పెట్టించి, చేతికి లావుపాటి రిజిస్టర్ ఇచ్చి, వెనుక ఫైళ్లు పట్టుకున్న ఇద్దరు మనుషులను నిలబెట్టాడు. పైగా ఆమె వేదిక మీదికి వచ్చేది తెర పక్కనుంచి కాదు, ప్రేక్షకుల వెనుక తలుపులోంచి.

ఆ వేషం వేసిన చంద్రకళ తన వంతు కోసం ఆ తలుపు దగ్గర చీకట్లో నిలబడి ఉంది. ఫోన్ జేబులో పెట్టుకొని శ్రీనివాస్ రావు సరిగ్గా ఆమె ఎదుటికే వచ్చాడు. గంజి చీర చూశాడు, కళ్లద్దాలు చూశాడు, వెనుక ఇద్దరినీ చూశాడు. చేతులు వాటంతటవే జోడయ్యాయి.

"నమస్తే మేడం. శ్రీనివాస్ రావు, హెడ్మాస్టర్. రోల్ నలభై రెండు, ప్రెజెంట్ నలభై. ఇద్దరికి జ్వరం," అని సంచిలోంచి రిజిస్టర్ తీసి ఆమెకు అందించాడు.

చంద్రకళ చేతిలోని నాటకం రిజిస్టర్‌కు అట్ట ఊడిపోయింది. ఇంకొకటి తెప్పించమని ఆమె పొద్దున్నే మేనేజర్‌తో చెప్పి ఉంది. ఇదే కాబోలనుకొని తీసుకుంది. పాతది ఆయన చేతిలో పెట్టి, "ఇది లోపల పెట్టండి," అని ముందుకు నడిచింది. వెలుగు ఆమె మీద పడింది.

"ఈ పిల్లలందరి పేర్లూ నా చేతికి వచ్చాయి," అంది మసిరాణి, రిజిస్టర్ పైకెత్తి.

వెనుక నిలబడ్డ శ్రీనివాస్ రావు తృప్తిగా తలూపాడు.

"ఆ కిన్నెర ఎక్కడ దాక్కుంది? చెప్పండి."

తక్కిన ఊళ్లలో ఈ మాటకు పిల్లలు చెప్పం, చెప్పం అని అరిచేవాళ్లు. ఇక్కడ నలభై మంది ఒక్కసారిగా లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడం" అన్నారు. ఆ తర్వాత సౌమ్య చెయ్యెత్తింది.

"నా పేరు సౌమ్య. ఏడో తరగతి. కిన్నెర గడియారం ఎనుక ఉన్నది మేడం. ఎడమ దిక్కు."

"శభాష్," అని వెనుకనుంచి వినిపించింది.

చంద్రకళ ఇరవయ్యేళ్లుగా వేదికల మీద ఉన్న మనిషే అయినా ఇలాంటి జవాబు ఎక్కడా వినలేదు. అంత స్పష్టంగా చెప్పాక వెతక్కుండా ఉండలేకపోయింది. చివరి రంగం ముందు దొరకాల్సిన కిన్నెర మొదటి రంగంలోనే దొరికిపోయింది.

వనిత వంగి వంగి వరుసల మధ్య పాకినట్టు నడిచింది. "కూసోండ్రి. ఇగ ఎవరేమడిగినా చెప్పద్దు. నేను చెప్పుమనే దాక నోరు తెరవద్దు."

వెంటనే వేదిక మీదికి మంచివాడైన గడియారం తాత వచ్చాడు. "నా కిన్నెరను ఎటు తీసుకుపోయారు? మీరైనా చెప్పండి నాయనా," అని ఏడ్చాడు. నలభై మంది పెదాలు బిగించి ఆయన్నే చూశారు. తాత రెండోసారి బతిమాలాడు. మూడోసారి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ మౌనం చూసి పక్క బడి పిల్లలకు కూడా నోరు రాలేదు. చివరికి ఆయనే లేచి, "సరే, నాకే గుర్తుకొచ్చింది," అని వెళ్లిపోయాడు.

శ్రీనివాస్ రావు వచ్చి వనిత పక్కన కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"చూసిన్రా మేడం. పోయినసారి నోరు తెరవలే. గిప్పుడెట్ల చెప్పిండ్రు."

"సార్, ఆమె మసిరాణి."

"ఏ ఆఫీసుల?"

"నాటకంల సార్. వేషం గది."

"ముప్పై ఏండ్ల సర్వీసు నాది. ఇన్‌స్పెక్షన్ మేడంను గుర్తువట్టనా?"

అప్పుడే వేదిక మీద మసిరాణి చేతులు చాచి పాట అందుకుంది.

"ఇన్‌స్పెక్షన్ మేడం పాట పాడుతదా సార్?"

"కొందరు పాడుతరు."

పొగ లేచింది. ఫైళ్లు పట్టుకున్న ఇద్దరూ ఆమె చుట్టూ గంతులు వేయసాగారు. శ్రీనివాస్ రావు కాసేపు చూశాడు. తర్వాత ఒళ్లో ఉన్న అట్ట ఊడిన పుస్తకం తెరిచాడు. అన్నీ తెల్ల కాగితాలే.

"మరి నా రిజిస్టర్?"

ఆ ప్రశ్నతో వనిత తల వేదిక మీది పుస్తకం వైపు తిరిగింది. ఆమెకు నవల చివరి అధ్యాయం కంఠస్థం.

"ఆఖరికి కిన్నెర ఆ పుస్తకాన్ని చింపుతది సార్."

"ఎన్ని పేజీలు?"

"అన్నీ. చింపి పొయ్యిల ఏస్తది."

"జూన్ సంది ఉన్నది మేడం అండ్ల. గిదంత మీ కథల పీరియడ్‌తోని అచ్చింది. ఈ శనివారం నుంచే లెక్కలు. నేను ఇగ ఒక్క మాట గూడ ఇన." అలా అంటూనే లేచి వేదిక వైపు నడిచాడు.

పక్క తలుపు దగ్గర మేనేజర్ ఆపాడు, లోపలికి నటులను తప్ప పంపమన్నాడు. వేదిక మీద కిన్నెర అప్పటికే కట్లు తెంచుకొని, పొయ్యి పక్కన మసిరాణితో పుస్తకం కోసం పెనుగులాడుతోంది. ఆ పొయ్యిలో ఉన్నది ఎర్ర బల్బేనని శ్రీనివాస్ రావుకు తెలియదు. ఆయన ఇస్త్రీ ప్యాంటు సంగతి కూడా మరచి, ముందు వరుస కుర్చీ మీదనుంచి నేరుగా వేదికెక్కాడు.

"ఆగుండ్రి."

అంతా ఆగారు. చంద్రకళ తేరుకుంది. "ఎవడవు నువ్వు?" అని గర్జించింది.

"శ్రీనివాస్ రావు, గెజిటెడ్ హెడ్మాస్టర్," అన్నాడాయన, గట్టిగా.

"ఏం కావాలి?"

"గా పుస్తకం గావాలె. అండ్ల నా పిల్లల పేర్లున్నయి. గది పోతె వీళ్లు ఉన్నట్టు యాడ ఉండదు."

వెనుక వరుసలో ఎవరో ముక్కు చీదారు.

"నా పుస్తకంలోకి వచ్చిన పేరు తిరిగి పోదు," అంది మసిరాణి. ఆమెకు రాసిచ్చిన మాట అదే.

"నలభై రెండు పేర్లు మేడం. ఒక్కొక్కటి నా చేతితోని రాసిన," అన్నాడాయన. ఈసారి చేతులు జోడించాడు.

తమ హెడ్మాస్టర్ ఒకరిని బతిమాలడం పిల్లలు ఎన్నడూ చూడలేదు. సౌమ్య లేచి నిలబడింది కానీ నోరు తెరవలేదు. వనిత వైపు చూసింది. మిగతా ముప్పై తొమ్మిది తలలూ అటే తిరిగాయి. నవలలో మసిరాణి ఓడిపోయేది పిల్లలు తమ పేర్లు తామే చెప్పుకున్నప్పుడని వాళ్లకూ తెలుసు, ఆమెకూ తెలుసు. వద్దంటే మర్యాద దక్కుతుంది, కనీసం ఇంకో రిమార్క్ తప్పుతుంది. శనివారం గంట ఎలాగూ పోయింది. ఇక కాపాడడానికి ఏమీ మిగలలేదని తేలాక వనితకు ధైర్యం వచ్చింది.

"చెప్పండ్రి," అంది.

"నా పేరు సౌమ్య. ఏడో తరగతి."

"నా పేరు శ్రవణ్. ఏడో తరగతి."

వరుసగా లేచారు. పేరు వినిపించినప్పుడల్లా మసిరాణి ఒక అడుగు వెనక్కి తూలాలని నాటకంలో ఉంది. రాసిన పేర్లు అయిదు. ఇక్కడ నలభై వచ్చాయి, ఆ వెనుక పక్క బడుల పిల్లలు కూడా లేచారు. చంద్రకళ తూలుతూ వేదికను ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగుసార్లు దాటి, నిజంగానే ఆయాసపడి కింద కూలింది. రిజిస్టర్ చేజారింది. శ్రీనివాస్ రావు దాన్ని రెండు చేతులా ఎత్తి గుండెకు హత్తుకున్నాడు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. తెర దించేవాడు కూడా తాడు వదిలి చప్పట్లు కొట్టడంతో తెర సగంలో నిలిచిపోయింది.

మేనేజర్ వాళ్ల దగ్గరికి వస్తుంటే వనిత క్షమాపణ వాక్యం లోలోపల కూర్చుకుంది. దాని అవసరం రాలేదు.

"సార్, రేపు కోరుట్ల, ఎల్లుండి సిరిసిల్ల. మీరు రాగలరా?" అని అడిగాడతను.

శ్రీనివాస్ రావు రిజిస్టర్ దుమ్ము దులిపాడు. "ఎన్ని గంటలకు?" అన్నాడు.

బస్సు దిగేదాకా ఆయన రిజిస్టర్ ఒళ్లోంచి దించలేదు. గేటు దగ్గర యాదగిరి ఎదురొచ్చి, టీము వెల్గటూర్ దిక్కు పోయిందట, ఇక్కడికి ఎవ్వలు రాలేదని చెప్పినా విననట్టే లోపలికి వెళ్లాడు. కాసేపటికి వనితకు పిలుపు వచ్చింది. ఆమె టేబుల్ ముందు చేతులు కట్టుకొని నిలబడింది.

"మేడం, శనివారం పీరియడ్ తీసేసుడు లేదు. నేను ఇన్ని రోజులు తప్పుగ అనుకున్న. పిల్లలకు గది ఉండాలె."

వనిత కట్టుకున్న చేతులు వదిలింది. "థాంక్యూ సార్."

"గని స్టేజీ ఎక్కిన అనుభవం ఉన్నోళ్లు చెప్తెనే బాగుంటది. గందుకే నేనే తీసుకుంటున్న. ఆ టైముకు నాది ఎనిమిదో తరగతి లెక్కలు ఉంటయి. అవి జెర మీరు చూస్కోండ్రి."

ఆ శనివారం ఆఖరి పీరియడ్‌లో వనిత ఎనిమిదో తరగతి బోర్డు మీద భిన్నం కోసం ఒక అడ్డగీత గీసి, దాని పైన ఏ అంకె రాయాలో, కింద ఏ అంకె రాయాలో పిల్లలను అడిగి తెలుసుకుంది.