అనుకోకుండా కనిపించు గోడ, టోకెన్ నంబరు 212

నాగరికత అనేది గోడ కట్టడంతో మొదలై, ఆ గోడ ముందు క్యూ కట్టడంతో సంపూర్ణమవుతుందని పెద్దలెవరూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. చెప్పి ఉంటే మేస్త్రి ఆ పరాయిదేశపు నగరానికి కాస్త మనసు గట్టి చేసుకుని వెళ్లేవాడు.

మేస్త్రి అంటే రంగుల మేస్త్రి. నలభై ఏళ్లుగా ఇళ్లకు రంగులు వేస్తున్నాడు. ఒక రంగుల కంపెనీ ప్రతి డబ్బా మూత లోపల ఒక కూపన్ అతికిస్తుంది. లెక్క ప్రకారం కూపన్లు పోగుచేసిన మేస్త్రికీ, వెంట ఇంకొక మనిషికీ విదేశీ యాత్ర. (ఆ కంపెనీ రంగు గోడకు ఎలా అంటుకున్నా, కూపన్ మాత్రం మూతకు చచ్చినా ఊడనంతగా అంటుకుని ఉంటుంది.) తొమ్మిదేళ్ల పాటు ఆ మూతలన్నీ గోళ్లతో గీకి, కూపన్లు డబ్బాలో దాచింది అతని భార్య. పనిలో అందరూ ఆమెను రంగులమ్మ అంటారు. రంగు కలిపేది ఆమె, బకెట్ అందించేది ఆమె, మేస్త్రి పైకెక్కితే కింద నిచ్చెన పట్టుకునేదీ ఆమే. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి చెయ్యి వదిలింది, అదీ తుమ్మొచ్చి. ఆ తుమ్ము గురించి మేస్త్రి ఇప్పటికీ నలుగురిలో చెబుతూనే ఉంటాడు. తక్కిన ముప్ఫై ఏళ్ల గురించి చెప్పడం ఎప్పుడూ తోచలేదు.

ఆ నగరంలో ఒక లాండ్రీ వెనక సందులో ఒక గోడ ఉంది. ఒక రోజు పొద్దున్నే లేచి చూస్తే దాని మీద బొమ్మ ఉంది. ఎవరు వేశారో తెలియదు. దారినపోయేవాళ్లు అనుకోకుండా చూసి, ఆగి, సంతోషపడి పోయేవాళ్లు. ఆ సంగతి పాకి, ఊళ్లకు ఊళ్లు అనుకోకుండా చూడ్డానికి బయల్దేరాయి. అంతమంది ఒకేసారి అనుకోకుండా వస్తే ప్రమాదమని గ్రహించి, నగరపాలకులు ఆకస్మిక కళాదర్శన శాఖను స్థాపించారు. ఇప్పుడు యాప్‌లో పద్దెనిమిది రోజులు ముందుగా నమోదు చేసుకున్నవారికి తప్ప ఆ గోడ అనుకోకుండా కనిపించదు.

కంపెనీ పంపిన గైడు మన భాష మనిషే. చేతిలో జెండా పట్టుకుని వివరించాడు: మనకు నాలుగూ పదికి హఠాత్తుగా కనిపిస్తుంది, కాబట్టి మూడున్నరకల్లా క్యూలో ఉండాలి. కౌంటర్లో ఉన్నావిడ మేస్త్రి జంటకు 212వ నంబరు టోకెనూ, ఒక్కొక్కరికీ ఒక హామీ పత్రమూ ఇచ్చింది. 'ఈ బొమ్మ గురించి నాకు ముందుగా ఏమీ తెలియదు' అని అందులో సంతకం పెట్టాలి. ఏ బొమ్మ గురించి తెలియదో స్పష్టంగా ఉండటానికి, బొమ్మ ఫోటో పత్రానికి పిన్ను చేసి ఉంది. రంగులమ్మకు మాత్రం పత్రం అందేసరికి ఫోటో ఊడిపోయింది. ఆ మధ్యాహ్నం చట్టం ప్రకారం ఏమీ తెలియని మనిషి ఆవిడొక్కతే.

సందు మలుపులో నేల మీద పసుపు గీత ఉంది. 'ఇక్కడ ఆశ్చర్యపడవలెను' అని రాసి ఉంది. పక్కన స్టూలు మీద ఒక ఉద్యోగి కూర్చుని ముఖాలు చూసి టిక్కు పెడుతున్నాడు. ముందున్న బట్టతలాయన ఆశ్చర్యం చాల్లేదని వెనక్కి పంపించేశారు. ఆయన భార్య ఆశ్చర్యం మరీ ఎక్కువైంది, ఆవిడనూ పంపించేశారు. మేస్త్రి జాగ్రత్తగా నోరు ఒక అంగుళం తెరిచి గట్టెక్కాడు. రంగులమ్మ మాత్రం నియమాలన్నీ మర్చిపోయి నిజంగానే నిలబడిపోయింది.

బొమ్మలో ఒక నిచ్చెన ఉంది. అది పైకి పోయి పోయి గోడ అంచు దగ్గర ఆగిపోయింది. ఎక్కినవాడు కనపడడు. కింద, నేల మీద, ఒక ఆడమనిషి రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని తల పైకెత్తి చూస్తోంది. చీర కాదు, మన ముఖమూ కాదు. అయినా చేతులు మాత్రం అవే. వేళ్ల సందుల్లో రంగు మరకలు, మెడ నొప్పికి కాస్త పక్కకు వాల్చిన తల.

"ఏమయ్యా, ఎక్కినవాణ్ణి వదిలేసి పట్టుకున్నదాన్ని గీశాడు చూశావా?" అంది రంగులమ్మ. "ఇట్లాంటి ఆలోచన ఎవరికైనా వస్తుందనుకోలేదు."

మేస్త్రి ఊఁ అన్నాడు. అతను బొమ్మ చూడటం లేదు. గోడ చూస్తున్నాడు. వైద్యుడికి ఎదుటి మనిషి అందం కంటే ముందు నాలుక కనిపించినట్టు, అతనికి బొమ్మలోని మనిషి భుజం దగ్గర ఉబ్బు కనిపించింది. పైకి చూశాడు. రెండో అంతస్తులో ఒక గది, ఆ గదికి ఏసీ, ఏసీ నుంచి ఒక గొట్టం. గొట్టంలోంచి నీళ్లు చుక్కా చుక్కా సరిగ్గా గోడ నెత్తిన పడుతున్నాయి. (అది గోడ సంరక్షణ అధికారి గది. గోడను కనిపెట్టుకుని ఉండటానికి ఎండాకాలం ఆయనకు చల్లగా ఉండాలి.)

ఒక్కొక్కరికీ తొంభై సెకన్లు. అందులో మొదటి నలభైలోనే మేస్త్రి చెయ్యరాని పని చేసేశాడు. అతన్నని లాభం లేదు, నలభై ఏళ్ల అలవాటు. గోడ ముందు అడ్డంగా కట్టిన తాడు మీదుగా వంగి, వేలి కణుపుతో గోడను మూడుసార్లు తట్టాడు. డొల్ల పలికింది. జేబులోంచి చాక్‌పీస్ తీసి, డొల్ల ఎంతమేర ఉందో తట్టుకుంటూ తట్టుకుంటూ, ఆ ఆడమనిషి చుట్టూ ఒక గీత గీసి, మధ్యలో ఇంటూ గుర్తు పెట్టాడు. ఏ పనిలోనైనా ఆ గుర్తుకు ఒకటే అర్థం: ఇక్కడ చెమ్మ ఉంది, ముందు దీని సంగతి చూడండి. ఆ తర్వాత హెచ్చరిక గంట మోగింది.

వాళ్లను రెండో అంతస్తులో, ఆ ఏసీ గదిలోనే, స్పర్శ విచారణాధికారి ముందు కూర్చోబెట్టారు. ఆయన మర్యాదస్తుడు. మంచినీళ్లిచ్చి, ఒక ఫారం ఇచ్చాడు. గోడను ఎందుకు తాకితిరి అన్న ప్రశ్నకు మూడు గడులున్నాయి: అభిమానంతో, పొరపాటున, దురుద్దేశంతో. చెమ్మ చూడటానికి అనే గడి లేదు. ఇది పరిష్కారం అయ్యేది కాదు గనుక ఆయన కమిటీని పిలిచాడు. ముగ్గురొచ్చి కిందకి దిగి, తాడు ఇవతల నుంచి దుర్భిణితో గీతను పరిశీలించారు.

కమిటీ తర్కం ఇలా నడిచింది. గీత చెడగొట్టడం కిందికి వస్తే చెరిపెయ్యాలి. చెరపాలంటే గోడను తాకాలి. తాకడం నేరం. చెరపలేనిది ఏదైనా నియమం పద్నాలుగు ప్రకారం బొమ్మలో భాగమే. బొమ్మలో భాగాన్ని గీసినవాడు చిత్రకారుడు. కనుక మేస్త్రి నేటి నుంచి సహచిత్రకారుడు. అధికారి లేచి చేయి కలిపాడు. గైడు చప్పట్లు కొట్టబోయి రంగులమ్మ ముఖం చూసి మానుకున్నాడు.

మేస్త్రి గైడు ద్వారా చాలా వినయంగా మనవి చేసుకున్నాడు. చిత్రకారుడూ వద్దు, గిత్రకారుడూ వద్దు. ఆ గొట్టం రెండు జానలు పక్కకు తిప్పండి. రేపు పొద్దుటికి పెచ్చు ఊడేలా ఉంది. మీకు తీరిక లేకపోతే ఒక నిచ్చెన ఇప్పించండి, ఐదు నిమిషాల్లో నేనే తిప్పి దిగుతాను, పట్టుకోడానికి మనిషి కూడా నా వెంటే ఉంది.

అధికారి నొచ్చుకున్నాడు. గొట్టం శీతలీకరణ విభాగానిది. ఇక నిచ్చెన అంటారా, బొమ్మలో ఒకటి ఉండగా పక్కన ఇంకొకటి పెడితే, ఏది కళో ఏది నిచ్చెనో చూసేవాళ్లు తికమకపడతారు. పోనీ ఫిర్యాదు రాస్తానన్నాడు మేస్త్రి. సహచిత్రకారుడు సొంత కృతి మీద ఫిర్యాదు చేయరాదు, నియమం పదిహేను. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే చోటు ఇదేనని మేస్త్రికి అప్పటికి అర్థమైంది.

"నా పేరు మీద రాయండి," అంది రంగులమ్మ.

యాప్ తెరిచారు, ఆమె నంబరు ఎక్కించారు. బొమ్మతో మీకు గల సంబంధం ఏమిటని అడిగింది యాప్. చూసేవారు, కొనేవారు, వారసులు అని మూడున్నాయి. ఆమె, "నిచ్చెన పట్టుకునేదాన్ని అని రాయమను," అంది. గైడు అధికారికి చెప్పాడు. అధికారి మూడు పేజీలు వెతికి 'ఇతరులు' అని పెట్టాడు. తొంభై పనిదినాల్లో జవాబొస్తుందన్నాడు. అంతసేపూ కిటికీ బయట గొట్టం నుంచి చుక్క మీద చుక్క పడుతూనే ఉంది, లోపల చల్లగా హాయిగా ఉంది.

ఆ రాత్రి హోటల్లో మేస్త్రికి నిద్ర పట్టలేదు. నలభై ఏళ్లలో వాన వచ్చేలోపు పని ముగించలేకపోవడం ఉంది గానీ, నిచ్చెన ఇవ్వక పని ఆగిపోవడం ఇదే మొదలు. పక్క మంచం మీద ఆమె కూడా మేలుకునే ఉందని అతనికి తెలుసు. ఏదైనా చెప్పాలనిపించింది. తుమ్ము సంగతి గుర్తొచ్చి సిగ్గేసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారి బస్సు బయల్దేరే ముందు గైడును బతిమాలి ఆ సందుకు వెళ్లారు. అప్పటికే ఊడిపోయింది. ఆడమనిషి ఉన్న మేరకు పెచ్చంతా రాలి, కింద గులకరాళ్లలా పడి ఉంది. ఆ ముక్కలను ఒక సంచిలో వేసి 'తాకరాదు' అని సీలు వేస్తున్నారు. నిచ్చెన అలాగే ఉంది, పైకి పోతూ. కింద మాత్రం ఇటుకలు బయటపడి తడిగా మెరుస్తున్నాయి.

క్యూ నిన్నటి కంటే రెండింతలు ఉంది. మేస్త్రి గీసిన గీతను వేలెడంత కూడా దాటకుండా ఊడిందట. అలాంటి నిర్దుష్టమైన పని ఈ శతాబ్దంలో జరగలేదని కమిటీవారు అప్పటికే ప్రకటన ఇచ్చేశారు. గీతకు అద్దం బిగిస్తున్నారు. స్టూలు మీద ఉద్యోగి వాళ్లను గుర్తుపట్టి, సహచిత్రకారులకు ఆశ్చర్యం నుంచి మినహాయింపు ఉందని గౌరవంగా పక్కకు తప్పుకున్నాడు.

రంగులమ్మకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఏడ్చింది. మూతలు గీకి గీకి తొమ్మిదేళ్లకు వస్తే, తనలాంటి మనిషి ఒకతె ఒక్క రోజు కనిపించి పోయింది. "రెండు జానలయ్యా," అంది, "రెండంటే రెండు జానలు." మేస్త్రి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. జనంలో అలా పట్టుకోవడం అతనికి అలవాటు లేదు. పట్టుకున్నాక వదలడమూ తెలియలేదు, బస్సెక్కేదాకా అలాగే ఉన్నాడు.

ఇంటికొచ్చాక మేస్త్రిలో ఒక మార్పు వచ్చింది. నిచ్చెన ఎక్కాక, బ్రష్ ముంచే ముందు ఒకసారి కిందకి చూస్తాడు. ఎందుకో రంగులమ్మకు తెలుసు. తెలియనట్టు, "చూసింది చాల్లే, రంగు ఎండిపోతోంది," అంటుంది.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. ఆకస్మిక కళాదర్శన శాఖ సామెత కంటే చురుకైనది, ఐదో నెలలోనే మొరిగింది. మేస్త్రి ఒక బడి గోడకు మూడో అంతస్తు ఎత్తులో ఉన్నాడు. ఫోను మోగింది. రంగులమ్మ ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేత్తో ఫోను తీసి, యాప్ మన భాషలోకి మార్చి పెట్టిన జవాబును పైకి వినపడేలా చదివింది.

'మీ ఫిర్యాదును స్థలానికి వెళ్లి పరిశీలించితిమి. తాము పేర్కొన్న చోట గోడకు పూతయే లేదు. లేని పూతకు చెమ్మ తగలదు. నిచ్చెన పట్టుకున్న వ్యక్తి ఎవరూ అక్కడ కనిపించలేదు. కనుక ఫిర్యాదు పరిష్కరించబడినది. ఈ పరిష్కారం పట్ల తమకు సంతృప్తి కలిగినదా?'

కింద ఒకటే గడి ఉంది, 'అవును' అని. అరవై సెకన్లలో నొక్కకపోయినచో నొక్కినట్లే భావించబడునని దాని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

"ఏమే, గాలొస్తోంది," అన్నాడు మేస్త్రి పైనుంచి.

రంగులమ్మ ఫోనును బకెట్ మూత మీద పెట్టి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది. కాసేపటికి మూత మీద ఫోను మళ్లీ టింగుమంది. ఆమె సంతృప్తిని శాఖవారు నమోదు చేసుకున్నారు.