అధ్యక్షులవారి కుడివైపు

మా బొమ్మ విమానాల సంఘం వారి తొలి విహార కార్యక్రమం దిగ్విజయంగా ముగిసిందనీ, విమానం ఎవరికీ ఏ ఇబ్బందీ కలిగించకుండా సూటిగా వచ్చి అధ్యక్షులవారి కుర్చీలోనే కూలిందనీ తెలియజేయడానికి కార్యదర్శిగా సంతోషిస్తున్నాను. ఆ క్షణానికి కుర్చీలో అధ్యక్షులవారు లేరు. ఉండుంటే ఎవరెంత సంతోషించేవారో నేను చెప్పకూడదు.

విమానం మా బావది, అంటే మా అక్క మొగుడిది. రిమోట్‌తో నడిచేది. తేలికపాటి చెక్కతో, పల్చటి కాగితంతో ఏడాదిపాటు కూర్చుని కట్టాడు. కట్టింది భోజనాల బల్ల మీద. అందుచేత ఆ ఇంట్లో ఏడాదిగా అందరూ కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నారు. కాగితం ఎగిరిపోతుందని ఫ్యాను కూడా వేసుకోనివ్వలేదు మహానుభావుడు. చివరికి అక్క తేల్చి చెప్పేసింది.

"ఈ ఆదివారం ఎగిరిందా, సరే. లేదా అది అటకెక్కుతుంది, నా బల్ల నాకొస్తుంది. మళ్లీ జిగురు సీసా కనిపించిందో, ఊరుకోను."

"ఒక్కసారి ఎగిరి దిగితే చాలే. ఆ తర్వాత నన్ను కూడా అటకెక్కించు," అన్నాడు బావ. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు.

మా సంఘం నిబంధన ప్రకారం, ఏ విమానానికైనా చివరి బిగింపూ, రిమోట్ తనిఖీ అధ్యక్షులవారి సమక్షంలో జరగాలి. విమానాల గురించి ఆయనకు తెలిసింది ఒక్కటే, ఎగరేసే మైదానం ఆయన మామగారిదని. మిగతా శాస్త్రమంతా దాన్నుంచే పుట్టుకొచ్చింది.

శనివారం సాయంత్రం బావ విమానాన్ని పసిపిల్లలా ఎత్తుకొచ్చి సంఘం హాల్లో బల్ల మీద పెట్టాడు. రెక్క బిగించి, విమానాన్ని అటూ ఇటూ తిప్పే దాని అంచు పలకలు కదిపి చూశాడు. తోక సరిచూశాడు. బ్యాటరీని ముక్కులోకి తోసి, రెక్క కింద రెండు వేళ్లు పెట్టి లేపాడు. ముక్కు కాస్త కిందికి వంగింది. బరువు సరిగ్గా కుదిరిందనడానికి అది గుర్తు. అధ్యక్షులవారు మాత్రం దాన్ని తమకు చేసిన నమస్కారంగా స్వీకరించారు. "సంస్కారం ఉంది," అన్నారు. ఆ సాయంత్రం సరిగ్గా జరిగింది అదొక్కటే.

విమానం నడిపేవాడికి దాని వెనక నిలబడితేనే కుడి ఎడమలు కుదురుతాయి. అందుకని బావ తోకను అధ్యక్షులవారి వైపు తిప్పి, రిమోట్ ఆయన చేతిలో పెట్టబోయాడు. ఉపాధ్యక్షుడు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

"పెద్దాయనకి తోక చూపిస్తావా? బుద్ధుందా?"

సభ్యులంతా నొచ్చుకున్నారు. విమానాన్ని ముక్కు ఎదురుగా ఉండేలా తిప్పించారు. అధ్యక్షులవారు రిమోట్ పుల్లను కుడికి తోశారు.

"కుడికి తోస్తే కుడి రెక్క మీది పలక లేవాలన్నావు. ఎడమది లేచిందేం?"

"అది విమానానికి కుడేనండీ. తమరు ఎదురుగా కూర్చున్నారు కాబట్టి..."

"అంటే నా కుడి కుడి కాదా?"

ఇలాంటి ప్రశ్నకు మా సంఘంలో ఒకటే జవాబు. దాన్ని ఉపాధ్యక్షుడు అందించాడు. "తమరి కుడే కుడి." చప్పట్లు మోగాయి. రిమోట్ మీది స్విచ్చులు నొక్కి రెక్కల పలకలనూ, తోక పలకనూ తిరగేయించారు. ఎవరూ మళ్లీ మార్చకుండా స్విచ్చుల మీద టేపు వేసి, దాని మీద అధ్యక్షులవారు సంతకం చేశారు. టేపు తెచ్చింది నేనే. కార్యదర్శి అన్నాక ఆ మాత్రం చురుకుదనం ఉండాలి.

ఇంటికొచ్చాక సంగతి విని అక్క నెత్తి కొట్టుకుంది.

"పీకిపారెయ్యండి ఆ టేపు. ఎవడు చూడొచ్చాడు?"

"పొద్దున్నే ఆయన సంతకం చూసుకుంటాడే. అది లేకపోతే మైదానం లేదు. మన వరండాలో ఎగరెయ్యనా?"

"తెలిసి తెలిసి తప్పుగా నడుపుతారా?"

"అలవాటు చేసుకుంటాలే. కుడికి పోవాలంటే ఎడమకి తోస్తా, అంతేగా," అన్నాడు బావ. అంటూనే గాల్లో బొటనవేలు కుడికి తోసి, నాలిక్కరుచుకుని ఎడమకి మార్చాడు.

ఆదివారం విమానం లేచింది. నిజంగా లేచింది! ఎండలో రెక్కలు మెరుస్తుంటే అక్క బల్ల సంగతి మరిచిపోయి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. బావ ముఖం చూడాలి ఆ కాసేపూ. అంతలో గాలి విసిరి విమానాన్ని ఎడమకు నెట్టింది. ఎడమవైపు అధ్యక్షులవారు కూర్చున్న వేదిక. బావ చేతులు పుట్టినప్పటి కుడి ఎడమలే ఎరిగినవి, తీర్మానాలు ఎరగనివి. కుడికి తోశాయి. విమానం ఇంకా ఎడమకు తిరిగింది. కంగారుపడి ఇంకా కుడికి తోశాడు. అది వేదిక మీదికే వచ్చేసింది. అధ్యక్షులవారు కుడికి దూకారు. ఎటు దూకాలో ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా ఎవర్నీ అడగలేదు.

బావ విరిగిన రెక్క పట్టుకుని గడ్డిలో కూలబడి ఏడ్చాడు. అక్క వెళ్లి పక్కన కూర్చుంది. బల్ల మాట ఎత్తలేదు. "ఇంకోటి కట్టుకుందురుగాని లెండి," అంది. నేనూ పక్కన కూర్చుందామనుకున్నాను. కానీ విచారణ సభకు కుర్చీలు వేయించాల్సి ఉండి వెళ్లిపోయాను.

సభలో అక్క సభ్యురాలు కాకపోయినా లేచి నిలబడింది.

"నడిపేవాడు వెనక ఉంటాడని తెలిసీ ముందునుంచి ఎందుకు సరిచూశారండీ?"

ఆవేశపడుతున్న చెల్లెమ్మగా ఆమెను గుర్తించి, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. ఆ తర్వాత అధ్యక్షులవారు ప్రసంగించారు. "కుడి ఎడమల జ్ఞానం లేకపోవడం ఈ విమానంలోని లోపం. ఇకమీదట ప్రతి విమానానికీ నా కుడివైపు ఎటో ముందుగానే నేర్పాలి. ఒప్పుకున్నవారు చేతులెత్తండి."

అందరికన్నా ముందు లేచింది బావ చెయ్యి.

"ఏమండీ, మీరు కూడానా?" అంది అక్క.

"ఇంకోటి కట్టుకోమన్నావుగా," అని గొణిగాడు బావ, ఆమె వైపు చూడకుండా. "ఎక్కడ ఎగరెయ్యను మరి?"

తీర్మానం ఏకగ్రీవం. మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు. నవ్వండి, ఫరవాలేదు. ముందు ఆ ఎత్తిన చెయ్యి దించి నవ్వండి.