ఇరవై ఎనిమిది రోజుల బిస్కట్లు

హవల్దార్ బంగారరాజు సెలవు మీద ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే ఒక్కటంటే ఒక్క పని పెట్టుకున్నాడు. వేడి అన్నంలో ముద్దపప్పు, కొత్తావకాయ, ఇంత నెయ్యి కలుపుకుని తినాలి. బర్మా సరిహద్దు అడవుల్లో నాలుగేళ్ళు వానలో తడుస్తూ, కాళ్ళకంటుకున్న జలగల్ని పీక్కుంటూ అతను తలుచుకున్నది ఈ ముద్దనే. దేశాన్ని గురించి కూడా ఆలోచించేవాడు కాని, భోజనం వేళల్లో కాదు.

కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. తల్లి వీరాయమ్మ ఇత్తడి పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. అందులో ఆరు మిలిటరీ బిస్కట్లున్నాయి.

"ఇదేంటమ్మా?" అన్నాడు.

"నువ్వు తినేవే నాయనా. యుద్ధం అయిపోయేక మిగిలిన సరుకు కాకినాడలో వేలం వేసేరంట. మీ మావయ్య పడవెక్కి వెళ్ళి రెండు పెట్టెలు తెచ్చేడు. మొహమాటపడకు, నెల్లాళ్ళకి సరిపోతాయి."

తప్పు పూర్తిగా బంగారరాజుదే. నలభై రెండులో రాసిన మొదటి ఉత్తరంలో అతను ఉన్నదున్నట్టు రాశాడు. బిస్కట్టు కొరికితే పన్ను కదిలిందనీ, డబ్బా మాంసం మూత తీస్తేనే కడుపులో తిప్పుతుందనీ. పి.గన్నవరం దగ్గరి ఆ లంక ఊళ్ళో ఒకరికొచ్చిన ఉత్తరం వీధి మొత్తానికి వచ్చినట్టే. కృష్ణమూర్తి మాస్టారు అరుగు మీద కూర్చుని గొంతెత్తి చదివారు. విన్న వీరాయమ్మ మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. ఆ సంగతి మాస్టారు జవాబులో రాసేసరికి బంగారరాజు గుండె చెరువైంది. ఆ తరువాత నాలుగేళ్ళూ ఒక్క నిజం రాస్తే ఒట్టు. బిస్కట్టు నాలుక మీద కరిగిపోతుందన్నాడు. దాని ముందు పూతరేకు దిగదుడుపన్నాడు. ఎండబెట్టిన బంగాళాదుంప పొడిని నీళ్ళలో కలిపితే అచ్చం వెన్నేనన్నాడు. ఇంకెప్పుడైనా అన్నం పెడితే తినగలనో లేదో అని కూడా ఒకసారి ఉత్సాహంలో రాసేశాడు. మాస్టారు ఆ వాక్యాన్ని, జనం అడిగితే, రెండుసార్లు చదివారు.

బంగారరాజు మొదటి బిస్కట్టు టీలో ముంచాడు. టీ చల్లారింది కాని బిస్కట్టు నానలేదు.

"బాగుందా నాయనా?"

"ఆయ్, బాగుందమ్మా," అన్నాడు. అక్కడే ఇంకో తప్పు జరిగింది.

మిలిటరీ నుంచి వచ్చినవాణ్ణి పూటకొక ఇంటివాళ్ళు భోజనానికి పిలవకపోతే ఆ ఊరికి తలవంపులు. బిస్కట్లు లేక ఏ ఇల్లాలూ చిన్నబోకూడదని మావయ్య ధర్మరాజు పెట్టె విప్పి ఇంటింటికీ పంచిపెట్టాడు. ఒకరు బెల్లం పాకం పట్టారు, ఒకరు పులుసులో వేశారు. పంక్తిలో అందరి ఆకుల్లోనూ పొగలు కక్కే అన్నం, ఆవపెట్టిన పనసపొట్టు కూర. మధ్యలో బంగారరాజు ఆకులో మాత్రం సర్కారువారి సరుకు.

"మావయ్యగారూ, నాకూ రెండు మెతుకులు వేయించండి," అని ఒకరోజు తెగించి అడిగాడు.

ధర్మరాజు కళ్ళు చెమర్చాయి. "చూసేరా మా అల్లుడి పెద్ద మనసు! మనం తినేది తను తినకపోతే మనకి చిన్నతనమని అడుగుతున్నాడండి. వద్దల్లుడూ, ఇదంతా రేషను ముతకబియ్యం. మా కోసం నీ ఒళ్ళు పాడుచేసుకోకు." వడ్డించేవాళ్ళ వైపు తిరిగి, "ఇంకో నాలుగు బిస్కట్లు వెయ్యండి!" అన్నాడు.

ఆ రాత్రి నిద్రపట్టక బంగారరాజు ఒక ఎత్తు వేశాడు. కడుపునొప్పి వస్తే వైద్యుడు పథ్యం పెట్టక తప్పదు. పథ్యమంటే పాతబియ్యం అన్నం, మిరియాల చారు. తెల్లారగానే కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు. వైద్యుడు దుర్గారావు గారు వచ్చి నాడి చూసి, చాలాసేపు కళ్ళు మూసుకున్నారు.

"నీళ్ళు మారేయండి. దానికితోడు తిండి కూడా మారిందో, ప్రాణం మీదకొస్తుంది. అన్నం వాసన కూడా తగలనివ్వకండమ్మా."

"వాసన కూడానాండీ?" అన్నాడు బంగారరాజు, నొప్పి మరిచిపోయి.

అప్పటిదాకా వంటింట్లోంచి గంజి వాసనైనా వచ్చేది. అదే పీలుస్తూ బతికాడు. వీరాయమ్మ ఆరోజే తన పొయ్యిని పెరటి చివర పశువుల పాకలోకి మార్చేసి, కొడుక్కి బిస్కట్ల జావ కాచింది. జపానువాళ్ళు చుట్టుముట్టినప్పుడు కూడా బంగారరాజు అంతగా దిగులు పడలేదు.

సెలవులో ఇరవై ఏడు రోజులు అలా గడిచాయి. చివరి రోజు అతను మనసు గట్టిచేసుకుని పశువుల పాకలోకి నడిచాడు. వీరాయమ్మ ఒక్కతే కూర్చుని అన్నంలో ఆవకాయ కలుపుకుంటోంది. ఎర్రటి ముద్ద. నూనె వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. బంగారరాజుకి ఏడుపొచ్చింది.

"అమ్మా, నీకొక మాట చెప్పాలి."

కొడుకుని చూసి ఆమె గాభరాగా కంచం వెనక్కి దాచింది. "ఇక్కడికెందుకొచ్చేవు నాయనా, వాసన తగుల్తుంది." తరువాత కొంగుతో కళ్ళొత్తుకుంది. "నేనూ నీకో మాట చెప్పాలనుకుంటన్నాను. ఈ నాలుగేళ్ళూ నా గొంతులోకి ముద్ద దిగిందంటే నీ ఉత్తరాల వల్లేరా. నా బిడ్డ అక్కడ కడుపునిండా ఇష్టంగా తింటన్నాడు కదాని నేనూ తినేదాన్ని. అవే రాకపోతే పోయుందును. ఇంతకీ నువ్వేదో చెప్పాలన్నావు?"

బంగారరాజు ఆమె వెనక దాచిన కంచం వైపు చూశాడు.

"జావ బాగుందని చెబుదామనొచ్చేనమ్మా," అన్నాడు.

మర్నాడు పడవెక్కాడు. జబల్పూరు పటాలంలో చేరిన వారానికి ఇక ఉండబట్టలేక, ఎదురుగా చెప్పలేనిది కాగితం మీద పెట్టేశాడు. 'అమ్మా, నన్ను క్షమించు. నాలుగేళ్ళూ అబద్ధాలు రాశాను. బిస్కట్టంటే నాకు మొదటినుంచీ అసహ్యం. నాకు నీ చేతి అన్నం, ఆవకాయ తప్ప ఇంకేమీ వద్దు. ఈసారి వస్తే అదే పెట్టు.' పోస్టు డబ్బాలో వేశాక నాలుగేళ్ళ బరువు దిగినట్టయింది.

నెల తిరక్కుండా పార్సిలు వచ్చింది. ఆవకాయ జాడీ అనుకుని ఆత్రంగా గోనెపట్టా విప్పాడు. లోపల రెండు డబ్బాల బిస్కట్లూ, మాస్టారి దస్తూరీలో ఉత్తరమూ ఉన్నాయి.

'చిరంజీవి బంగారరాజుకు మీ అమ్మ దీవించి వ్రాయించునది. నీ ఉత్తరం మాస్టారు చదువుతుంటే వీధి వీధంతా ఏడ్చింది. అమ్మ చేతి ముద్ద ఒక్కటీ తినకుండా వచ్చేశానే, తన మనసు నొచ్చుకుని ఉంటుందేమో అని ఇంత పెద్ద అబద్ధం రాస్తావా నాయనా? ఇరవై ఎనిమిది రోజులూ నువ్వు ఎంత ఇష్టంగా తిన్నావో మేమంతా కళ్ళారా చూశాం. నాకేమీ బాధ లేదు. మావయ్య మళ్ళీ కాకినాడ వెళ్ళి తెచ్చినవి పంపుతున్నాను. ఎలా ఉన్నాయో రాస్తే గాని నాకు ముద్ద దిగదు.'

బంగారరాజు ఒక కార్డు తీసుకుని, చాలా బాగున్నాయని రాశాడు.